గంగమ్మకి తీసిన ఒక్కటి

బుల్లమ్మ నాలుగో క్లాసు వరకే చదివింది. అదీ పూర్తిగా కాదు. ఆ ఏడాది వానాకాలంలో తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకోడానికి ఇంట్లో ఎవరూ లేక ఈమె బడి మానేసింది. ఇప్పుడామెకి యాభై మూడేళ్ళు. సంతకం పెడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో బస్సు బోర్డులు హిందీలో ఉంటాయి కాబట్టి గబగబా చదివేస్తుంది, తెలుగైతే మాత్రం కూడబలుక్కోవాలి. లెక్క సంగతి వేరు. లెక్క ఆమెకి ఎవరూ నేర్పలేదు, రేవులోనే వచ్చేసింది.

వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి జంగ్లీఘాట్‌లో గుడిసె వేసుకున్న మనిషి. పడవ ఒడ్డుకి రాగానే చేపలు కుప్ప పోసేవారు. వాటాలు వేసే ముందు ఆ కుప్పలోంచి ఒక్క చేపని తీసి పక్కన పెట్టేవారు. అది గంగమ్మ తల్లిది. దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. అలా తీశాకే పడవకి ఇన్ని, ఇంజన్‌కి ఇన్ని, వలకి ఇన్ని, మనుషులకి తలా ఇన్ని అని పంచుతారు. ఆరేళ్ళ బుల్లమ్మ కుప్ప పక్కన నిలబడి, పెద్దవాళ్ళు ఇంకా వేళ్ళు ముడుచుకుంటూ ఉండగానే "తలా పద్దెనిమిది! నాలుగు మిగుల్తాయి!" అని అరిచేసేది. పంచి చూస్తే సరిగ్గా అంతే. వాళ్ళ నాన్న మీసం దువ్వుకునేవాడు. అప్పట్నుంచీ వాళ్ళ పడవ వాటా బుల్లమ్మే చెప్పాలి. పెళ్ళయ్యాక అత్తోరి పడవకీ ఆమే చెప్పింది. మొగుడు రాముడు సముద్రం మానేసి ఫీనిక్స్ బే జెట్టీలో ఫెర్రీ బోట్లకి తాళ్ళు కట్టే పనిలో చేరాడు. పడవ ఇప్పుడు మరిది కన్నబాబుది. అయినా వాటా చెప్పేది వదినే.

పొద్దున్నే రేవులో చేప కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి డెలానీపూర్ వెళ్ళి ఇంటింటికీ అమ్మడం బుల్లమ్మ పని. ఆ ఇళ్ళల్లో ఒకటి గురునాథం గారిది. ఆయన గవర్నమెంటు ఆఫీసులో క్లర్కు చేసి రిటైరయ్యాడు. భార్య అరుణకుమారి టీచరు చేసింది, అందరికీ టీచరమ్మ. మూడేళ్ళ కిందటి వరకూ బుల్లమ్మకి ఆ ఇంట్లో టీచరమ్మతోనే మాట. సారు వరండాలో కూర్చుని ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉండేవాడు.

ఒకరోజు మెట్ల మీద కూర్చుని చేప కోస్తూ అడిగేసింది. ఆమెకి కడుపులో ఏదీ దాగదు.

"ఏటి సార్ అది, రోజూ రాత్తారు? కోర్టు కేసా?"

"కేసే అనుకో బుల్లమ్మా," అన్నాడాయన నవ్వి. "ఇది చూడు."

ప్లాస్టిక్ కవర్లో ఒక పాత ఓడ టికెట్టు. ఎనభై మూడులో, పెళ్ళైన కొత్తలో, విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినప్పటిది. దాని మీద నంబరు 514307. ఐదు లక్షల పద్నాలుగు వేల మూడు వందల ఏడు.

"ఈ నంబరు విరుగుతుందా లేదా అని చూస్తున్నా. దేనితో భాగించినా సరిగ్గా పోకపోతే దాన్ని ప్రైమ్ నంబర్ అంటారు. తనతోనూ ఒకటితోనూ తప్ప ఇంక దేనితోనూ పోదు."

బుల్లమ్మ కత్తి ఆపి ఆలోచించింది. "అంటే ఎంతమందికి పంచినా ఏదో ఒకటి మిగుల్తాదన్నమాట."

గురునాథం గారు ఆమె వంక చూసిన చూపు ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆ ఇంటి వరండాలో ఆమె వంక అలా చూసినవాళ్ళు లేరు. చేపలమ్మి వంక ఎవరు చూస్తారు, చేప వంక చూస్తారు గానీ.

ఆ రోజు నుంచీ ఇద్దరికీ స్నేహం కుదిరింది. అన్నీ చూడక్కర్లేదని ఆయన చెప్పాడు. రెండుకి పోకపోతే నాలుక్కీ ఆరుకీ పోదు, కాబట్టి విరగని అంకెలతో మాత్రం చూస్తే చాలు. అది బుల్లమ్మకి చెప్పకముందే తెలుసు. ఆరుగురికి సరిపోయే కుప్ప ముగ్గురికి సరిపోదా? ఏడొందల పదిహేడు దాటాక ఇంక చూడక్కర్లేదని కూడా చెప్పాడు. నంబరు రెండు ముక్కలైతే రెండూ అంతకన్నా పెద్దవి కాలేవు, గుణిస్తే నంబరు దాటిపోతుంది, ఒకటైనా ఏడొందల పదిహేడు లోపు ఉండాలి, ఉంటే ఈపాటికే దొరికేస్తుంది. ఇది మాత్రం ఆమెకి కొత్త. నాలుగు రోజులు గంప మోస్తూ నెమరేసుకుంది. తిరిగొచ్చి, "అవును సార్, దొరికేత్తాది," అంది.

ఏడొందల పదిహేడు లోపు అలాంటి అంకెలు నూట ఇరవై ఏడు. ఒక్కొక్క దానితో కాగితం మీద భాగించి, పక్కన ఇంటూ పెట్టి, తారీకు వెయ్యడం ఆయన పద్ధతి.

"ఫోన్లో కొడితే సెకన్లో చెప్పేస్తుంది కదండీ," అనేది టీచరమ్మ లోపల్నుంచి.

"ఫోన్‌కి తెలుస్తుంది. నాకేం తెలుస్తుంది?" అనేవాడు ఆయన.

నిరుడు ఆయనకి కళ్ళల్లో శుక్లాలు తీశారు. నెలన్నర పాటు కాగితం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటికి నాలుగొందల తొంభై తొమ్మిది దాకా వచ్చాడు. ఇంక ముప్పై రెండు మిగిలాయి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో దిగులుగా కూర్చున్న మనిషిని చూసి బుల్లమ్మకి జాలేసింది. కాదు, నిజం చెప్పుకోవాలి, జాలితో పాటు ఇంకోటి కూడా ఉంది. తనకీ చెయ్యాలనుంది.

"నేను సూత్తాను సార్. మీరు అంకె సెప్పండి సాలు."

"నోటితోనా?"

"నోటితో కాదు సార్, బుర్రతో."

ఆయన టికెట్టు నంబరు చెప్పక్కర్లేదు, ఆమెకి కంఠతా వచ్చేసింది. ఆయన ఐదొందల మూడు అనేవాడు. ఈమె చేప పొలుసు గీకుతూనే లోపల కుప్ప పోసుకునేది. ఐదొందల మూడు మంది వరసగా కూర్చున్నట్టు, తలా వెయ్యి ఇచ్చినట్టు, ఇంకా ఎన్నున్నాయో చూసినట్టు. కాసేపటికి, "మిగిలాయి సార్," అనేది. ఆయన టీచరమ్మతో ఇంటూ పెట్టించేవాడు. రోజుకి ఒకటి, ఒక్కోరోజు అదీ లేదు. నెలన్నరకి ముప్పై రెండూ అయిపోయాయి. అన్నింటికీ మిగిలాయి.

చివరిదానికి ఇంటూ పడిన రోజు ఆయన నల్లకళ్ళద్దాలు తీసేసి బుల్లమ్మ చెయ్యి పట్టుకుని ఊపాడు. చేప చెయ్యి, వాసన కూడా చూసుకోలేదు.

"మళ్ళీ ఒకసారి చూసుకోండి," అంది టీచరమ్మ.

"బుల్లమ్మ చెప్పాక ఇంకేం చూస్తాను," అన్నాడు.

తెలుగు అసోసియేషన్ వాళ్ళ సభలో ఆ నంబరు గురించి ఆయన మాట్లాడాలని నిర్ణయమైంది. ఈ ఆదివారమే. స్టేజీ మీదకి బుల్లమ్మని కూడా పిలిచి చీర పెడతారట. సెక్రటరీ ఉదయ్‌కుమార్ స్వయంగా ఫోన్ చేసి, "దీదీ, మీరు తప్పకుండా రావాలి," అన్నాడు. బుల్లమ్మ ఊరుకుంటుందా? జంగ్లీఘాట్ వీధి వీధంతా చెప్పేసింది. రాముడు జెట్టీలో టికెట్ల లైనులో నిలబడ్డవాళ్ళక్కూడా చెప్పాడు.

సోమవారం కన్నబాబు పడవ వచ్చింది. సూర చేపలు పడ్డాయి. కుప్ప పోశారు. నూట ముప్పై రెండు. ఆరుగురు మనుషులు, పడవకి రెండు, ఇంజన్‌కి రెండు, వలకి ఒకటి, మొత్తం పదకొండు వాటాలు. బుల్లమ్మ అలవాటుగా ఒక చేపని తీసి పక్కన పెట్టింది.

"వాటాకి పదకొండు. పది మిగుల్తాయి," అంది.

"అయ్యో వదినా," అన్నాడు కన్నబాబు తల గోక్కుంటూ, "ఆ ఒక్కటి తియ్యకపోతే సరిగ్గా పన్నెండు లెక్కన పోయీవి కదే! గంగమ్మ తల్లి ఇయ్యాల మన్ని బాగా ఆడించింది."

అందరూ నవ్వారు. మిగిలిన పదీ ఇగురుకి పంచుకున్నారు. బుల్లమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి ఆ పక్కన పెట్టిన చేప మీదే ఉండిపోయింది.

ఐదొందల మూడు అని సారు అన్నప్పుడు తను లోపల కుప్ప పోసుకుంది. పోసుకుని ఏం చేసింది? ముందు ఒకటి తీసింది. తీసినట్టు తనకే తెలీదు. నలభై ఏడేళ్ళుగా కుప్ప అంటే ముందు ఒకటి తియ్యాలి, కళ్ళు మూసినా చెయ్యి దానంతటదే తీస్తుంది. అంటే సారు నంబరుని తను ఒక్కసారి కూడా పంచలేదు. ఒకటి తక్కువ నంబరుని ముప్పై రెండుసార్లు పంచింది.

"ఏటయ్యింది వదినా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఏటీ లేదురా. బస్సు పోద్ది."

బస్సులో మొదలెట్టింది. ఈసారి తల్లికి చెప్పుకుంది, "నీది తరవాత ఇత్తాను తల్లీ, ఇప్పుడు ముట్టుకోకు," అని. ఐదొందల మూడు, మిగిలాయి. ఐదొందల తొమ్మిది, మిగిలాయి. మంగళవారం సాయంత్రానికి పదహారు అయ్యాయి. అన్నిటికీ మిగుల్తుంటే ఊపిరి కొంచెం కొంచెం తిరిగొస్తోంది. ఏమో, ఒకటి తీసినా తియ్యకపోయినా విరగదేమో, సారుకి చెప్పే పనే ఉండదేమో.

బుధవారం పొద్దున్న బస్సులో, గంప ఒళ్ళో పెట్టుకుని, ఆరొందల పదమూడు. తలా ఎనిమిదొందలు ఇచ్చింది. ఇరవై మూడు వేల తొమ్మిదొందల ఏడు మిగిలాయి. తలా ముప్పై ఇచ్చింది. ఐదు వేల ఐదొందల పదిహేడు మిగిలాయి. తలా తొమ్మిది ఇచ్చింది.

కుప్ప ఖాళీ.

మళ్ళీ చేసింది. ఖాళీ. అప్పట్లో ఇదే అంకె దగ్గర, తొమ్మిదికి ఒక్కటి తక్కువై, ఎనిమిదే ఇచ్చి "మిగిలాయి సార్" అనేసింది. ఆ తక్కువైన ఒక్కటీ పక్కన పెట్టిన ఒక్కటే.

ఆ రోజు వరండా మెట్లెక్కేటప్పటికి చెప్పేద్దామనే ఉంది. సారు ఎదురొచ్చాడు. ఆదివారం ఏం మాట్లాడాలో రాసుకున్న కాగితం చదివి వినిపించాడు. "మా బుల్లమ్మ లేకపోతే ఈ పని పూర్తయ్యేది కాదు," అని అందులో ఒక వాక్యం. బుల్లమ్మ నోరు తెరిచింది.

"వంజరం తెచ్చాను సార్, తాజాది," అంది. అదీ నోట్లోంచి వచ్చిన మాట.

కోసిచ్చేటప్పుడు రెండు ముక్కలు ఎక్కువ వేసింది. గురువారం రొయ్యలు తెచ్చి, సోలెడు ఊరికే పోసేసింది. "ఏమిటే, ఇవాళ ఇంత కొసరు? లాటరీ తగిలిందా?" అంది టీచరమ్మ. బుల్లమ్మ కత్తి కడుక్కుంటూ తల వంచుకుంది. ఆ రొయ్యలు వేస్తుంటే ఆమెకే అసహ్యం వేసింది. తను దొంగతనం ఏం చెయ్యలేదు, పొరపాటే చేసింది. మరి దొంగలా ఎందుకున్నానని అడుక్కుంది. పొరపాటు నిరుడు చేసింది, ఈ రెండు రోజులదీ పొరపాటు కాదు కదా. రోజూ ఆయన మొహం చూసి, తెలిసి తెలిసి, నోరు మూసుకుని వస్తోంది. చీర మీద ఆశా? కొంచెం ఉంది. అంతకన్నా, రేపట్నుంచి ఆయన మళ్ళీ చేప వంకే చూస్తాడేమోనని భయం.

శుక్రవారం టీచరమ్మ సంతోషంగా చెప్పింది. "ఉదయ్‌కుమార్ ఏదో కొత్తది పెడతాడట. సార్ మాట్లాడ్డం అవగానే హాల్లో పిల్లలంతా ఫోన్లలో ఆ నంబరు కొట్టి చూస్తారట. అందరి ముందూ సార్ మాట రుజువవుతుంది, బాగుంటుంది కదూ?"

ఆ ఫోన్లు ఏం చెప్తాయో బుల్లమ్మకి తెలుసు.

ఇంటికొచ్చి రాముడికి చెప్పింది. అతను బీడీ ఆర్పి, అంతా విని, "ఆయన్ని అందరి ముందు నిలబెట్టి నువ్వు చీర కట్టుకుంటావేటి?" అన్నాడు.

శనివారం గంప ఖాళీగానే ఉంది. చేప కొనలేదు. మెట్ల దగ్గర నిలబడింది, కూర్చోలేదు.

"సార్, మీ నంబరు విరిగిపోయింది."

గురునాథం గారు కాగితం మీద నుంచి తలెత్తాడు. "ఏమిటీ?"

"ఆరొందల పదమూడు మందికి తలా ఎనిమిదొందల ముప్పై తొమ్మిది. ఏటీ మిగల్దు."

ఆయన లేచి లోపలికెళ్ళి లావు స్కెచ్ పెన్ను తెచ్చుకున్నాడు. కళ్ళకి సన్న అక్షరాలు ఇంకా ఆనవు. పేపరంతా పరిచి 613 వేసి, కింద 839 వేసి, గుణించాడు. కూడాడు. 514307. మళ్ళీ గుణించాడు. అదే. పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు తడుముకున్నాడు.

బుల్లమ్మ గంగమ్మ సంగతి చెప్పింది. ముందు ఒకటి తియ్యడం, తియ్యకపోతే తోచకపోవడం, కన్నబాబు కుప్ప దగ్గర తెలిసిరావడం, అంతా. ఆయన వింటూ మధ్యలో చిన్నగా నవ్వాడు కూడా. నవ్వితే ఆమె ప్రాణం లేచొచ్చింది.

"బాగుంది. దేవుడి వాటా," అన్నాడు. "ఆరొందల పదమూడు ఎప్పుడు దొరికింది నీకు?"

"బుధవారం సార్."

"బుధవారం." ఆయన ఆలోచించాడు. "బుధవారం వంజరం తెచ్చావు."

"అవును సార్."

"గురువారం రొయ్యలు."

బుల్లమ్మ ఖాళీ గంపని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అందుకా ఆ రొయ్యలు," అన్నాడాయన. నవ్వు పోయింది. "నా ఎదురుగా కూర్చుని, నేను రాసుకున్నదంతా వింటూ... లెక్క తప్పితే ఏముంది బుల్లమ్మా, నావి ఎన్ని తప్పలేదు. మూడు రోజులా?"

కాగితం మడిచి లోపలికెళ్ళిపోయాడు. తలుపు వెయ్యలేదు. వేసినా బాగుండేది అనిపించింది ఆమెకి. టీచరమ్మ వచ్చి, "రేపు సభకి రా. రాకపోతే ఇంకా కోపం వస్తుంది," అని మెల్లగా చెప్పి పంపించింది.

ఆదివారం హాలు నిండిపోయింది. ఉద్యోగస్తుల కుటుంబాలు ముందు వరసల్లో, జంగ్లీఘాట్ వాళ్ళు వెనక. బుల్లమ్మ రాముడి పక్కన, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. గురునాథం గారు మైకు దగ్గరకొచ్చి, ఓడ టికెట్టు కథ చెప్పి, తర్వాత బోర్డు మీద పెద్దగా రాశాడు. 514307. దాని కింద, 613 × 839.

"విరగదనుకున్నాను. విరిగింది. ఫోన్లు తియ్యక్కర్లేదు, నేనే చెప్పేస్తున్నా," అన్నాడు. "దీన్ని విరగ్గొట్టినావిడ కాగితం కూడా లేకుండా చేసింది. ఆవిడ పేరు బుల్లమ్మ."

అంతే చెప్పాడు. బుధవారం మాట ఎత్తలేదు. హాలంతా చప్పట్లు. "దీదీ, రండి, రండి!" అని ఉదయ్‌కుమార్ పిలుస్తున్నాడు. రాముడు మోచేత్తో పొడిచాడు. బుల్లమ్మ స్టేజీ ఎక్కింది. టీచరమ్మ చీర తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చది, జరీ అంచు. ఆ చప్పట్లు ఒంటి మీద వేడి నీళ్ళు పోసినట్టున్నాయి. పక్కనే నిలబడ్డ సారు ఆమె వంక చూడటం లేదు, జనం వంక చూస్తున్నాడు. ఆయన ఆమె తప్పు కప్పేశాడు. కప్పేసి దూరం జరిగాడు.

బుల్లమ్మ మైకు పట్టుకుంది.

"నాకు మాటాడ్డం రాదు. ముందు విరగదని సెప్పిందీ నేనే. తప్పు సెప్పాను." గంగమ్మకి ఒకటి తియ్యడం సంగతి చెప్పింది. హాలు నవ్వింది. వెనకనుంచి కన్నబాబు అరిచాడు, "అయితే తప్పు గంగమ్మ తల్లిదే వదినా!"

"తల్లిది కాదురా, నాదే," అంది. "విరిగిందని బుధవారమే తెలిసింది నాకు. సారుకి శనివారం సెప్పాను. ఈ సీర పోద్దని, సారు నన్ను తక్కువ సేత్తారని మూడు రోజులు దాసాను. రొయ్యలు ఊరికే పోసి మాయ సేద్దామని సూసాను. ఇది నాకొద్దు."

నవ్వులు ఆగిపోయాయి. చీర తిరిగి టీచరమ్మ చేతుల్లో పెట్టబోతే ఆవిడ పుచ్చుకోలేదు, పుచ్చుకోకుండా ఉండనూ లేదు. ఇద్దరి చేతుల మధ్య అది కాసేపు అలా ఉండిపోయింది.

గురునాథం గారు అప్పుడు తిరిగాడు. మైకుకి దూరంగా, ఆమెకి మాత్రం వినపడేలా అడిగాడు.

"ఆ రెండు ముక్కలూ? ఆరొందల పదమూడు, ఎనిమిదొందల ముప్పై తొమ్మిది. అవి విరగవా?"

"ఇరగవు సార్. రెండిట్నీ ఇరవై మూడు దాకా సూసాను, ఆపైన అక్కర్లేదు."

"ఒకటి తియ్యకుండా?"

"తియ్యకుండా."

ఆయన తల ఊపాడు. జేబులోంచి కాగితం తీసి ఆ రెండంకెలూ వేసుకున్నాడు, లావుగా, వంకరగా.

"సరే. నేను కూడా ఒకసారి చూసుకుంటాను," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. కోపముంటే ఆమెకి నయంగా ఉండేది. బుల్లమ్మ చెప్పాక ఇంకేం చూస్తాను అన్న మనిషే ఈయన. చూసుకోండి సార్ అన్నట్టు ఆమె తల ఊపింది.